చిత్రిక మిషనుకి బుడాన్ కట్టిన ధర

చిలకలూరిపేటలో బుడాన్‌ని అందరూ మెకానిక్ అనేవాళ్ళు గానీ, ఆయన్ని ఎక్కువగా పిలిచేది పాత మిషన్లకి ధర కట్టడానికే. రంపం మిషనైనా, చిత్రిక పట్టే మిషనైనా, అమ్మేవాడూ కొనేవాడూ ఆయన మాట మీద నిలబడేవారు. మిషను ఆడించి, బేరింగు చప్పుడు విని, ఒక చెక్క పెట్టి చూసి, నున్నగా వచ్చిందో లేదో అరచేత్తో తడిమి, ఒక్కటే అంకె చెప్పేవాడు.

ఎనభై ఏడు వేసవిలో మార్టూరు దగ్గర పల్లె నుంచి ఎలీసమ్మ కబురు పెట్టింది. ఆమె భర్త జక్రయ్య తలుపులు, ద్వారబంధాలు చేసే వడ్రంగి. కామెర్లొచ్చి పోయాడు. చర్చి వెనక తాటాకు పాకలో అతని చిత్రిక మిషను మిగిలింది.

బుడాన్ వెళ్ళేసరికి చీరాల టింబరు డిపో యజమాని అక్కడున్నాడు.

"నాలుగు వేలు. ఇప్పుడే చేతిలో పెడతా," అన్నాడు.

బుడాన్ మిషను ఆడించి చూశాడు. జ్వరంలో కూడా నూనె పెట్టాడేమో జక్రయ్య, ఎక్కడా తుప్పు లేదు.

"నాలుగేంటండీ! ఎనిమిదికి తగ్గితే అన్యాయం."

"చెప్పడానికి నీకేం? ఇచ్చేది నేను," అని ఆయన మోటారు సైకిలెక్కాడు.

ఎలీసమ్మ కంగారుపడింది. "పోనీ ఇచ్చేద్దామా, బుడానన్నా?"

"వద్దమ్మా. పత్తి చేతికొచ్చాక రైతులు ఇళ్ళు మొదలెడతారు. వడ్రంగులే వెతుక్కుంటూ వచ్చి కొంటారు."

ఆమె ఆ మాటే పట్టుకుంది. ఐదు వేలకి అడిగినతన్నీ పంపేసింది.

ఆ ఏడు పత్తి చేతికి రాలేదు. తెల్లదోమ పట్టింది. మందు మీద మందు కొట్టినా ఆకులు జిగట కారి నల్లబడ్డాయి. చేనుకని తెచ్చిన మందు తాగి పోయినవాళ్ళ కబుర్లు ఊరూరా వినపడ్డాయి. సగం లేచిన గోడలు అలాగే ఆగిపోయాయి, తలుపు చేయించేవాడు లేడు. బుడాన్ సైకిలేసుకుని పర్చూరు, ఇంకొల్లు, నరసరావుపేట తిరిగాడు. ఎక్కడికెళ్ళినా వడ్రంగులు తమ మిషన్లే అమ్మిపెట్టమని బతిమాలారు. చివరికి చీరాల వెళ్ళి, నాలుగు వేలకే ఇస్తామన్నాడు.

"ఇప్పుడు ఊరికే ఇచ్చినా పెట్టుకోడానికి చోటు లేదయ్యా," అన్నాడు డిపో ఆయన.

తర్వాతి వానలకి పాక కూలింది. ఎలీసమ్మ మిషను మీద గోనెసంచులు కప్పింది గానీ నీళ్ళు ఆగలేదు. పాత ఇనుము కొనేవాడొచ్చి తూకం లెక్కన అడిగాడు. ఆమె మళ్ళీ బుడాన్‌ని పిలిపించింది.

"అన్నా, ఇతనిచ్చేది న్యాయమైన ధరేనా?"

బుడాన్ తుప్పు పట్టిన మిషను బల్లని అరచేత్తో తడిమాడు. "తక్కువైంది నేనిస్తానమ్మా," అన్నాడు.

"నువ్వెక్కణ్ణించి తెస్తావు? నీకూ పనుల్లేవుగా. న్యాయమో కాదో చెప్పు చాలు."

"తుప్పు ఇనుముకి న్యాయమే."

మిషను బల్లని సమ్మెటలతో పగలగొట్టి, ముక్కలు బండికెత్తారు. ఆమె చూడలేక లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత ఎవరు పిలిచినా, "రిపేరుంటే చెప్పండి, ధర మాత్రం నన్నడక్కండి," అనేవాడు బుడాన్.

ఎలీసమ్మ తన కూతురు రెబ్కాని తీసుకుని గుంటూరు పోయి, ఒక గోడౌన్లో మిరపకాయల తొడిమలు తీసే పనిలో చేరింది. ఒకసారి చూడాలని బుడాన్ అక్కడికి వెళ్ళాడు. ముఖాలకి గుడ్డలు కట్టుకుని, ఘాటుకి దగ్గుతూ వరసలుగా కూర్చున్న ఆడవాళ్ళలో ఆమె ఎవరో పోల్చుకోలేకపోయాడు. పేరు పెట్టి పిలవడానికి ధైర్యం చాల్లేదు. గేటు దగ్గర కాసేపు నిలబడి, బస్టాండు వైపు నడిచాడు.