చిరుతపిల్లికి ఇంటిస్థలం

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద అపారమైన నమ్మకం ఉండేది. ఒకటి నా డ్రాయింగ్ డిప్లొమా. రెండోది, నాకంటే పెద్దవాళ్లందరికీ నాకంటే తక్కువ తెలుసన్న సంగతి. ఈ రెండింటినీ వెంటబెట్టుకుని మా పట్నం జూలో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరాను. ఆ కాంట్రాక్టు ఇంకో నెలలో అయిపోతుందనగా మా టేపు సారు (చొక్కా జేబులో పెన్ను బదులు కొలతల టేపు పెట్టుకుంటారు, భోజనం చేసేటప్పుడు కూడా తీయరు) నన్ను పిలిచి, చిరుతపిల్లుల కోసం కొత్త ఎన్‌క్లోజర్ ప్లాను గీయమన్నారు. చిరుతపిల్లి అంటే కంగారుపడకండి. ఒంటినిండా మచ్చలుండే అడవిపిల్లి, మన ఇంటిపిల్లి సైజే. "నెలాఖరుకి స్థలం ఖాయమై ప్లాను పైఆఫీసుకి వెళ్లాలమ్మా. వెళ్తే నీ కాంట్రాక్టు రెన్యువల్. వెళ్లకపోతే..." అని టేపుని సర్రున లోపలికి వదిలేశారు. వెళ్లకపోతే పార్వతీపురంలో మా మావయ్య జెరాక్స్ షాపు. అక్కడ నాకోసం ఒక స్టూలు కూడా సిద్ధంగా ఉందని మా అమ్మ రోజూ ఫోన్లో చెబుతూనే ఉండేది.

ముందు ఆ పిల్లులు ఎలాంటి చోట బతుకుతాయో చూసి రమ్మని సారు నన్ను ఏజెన్సీ కొండల్లోకి పంపారు. అరకు దాకా రైలు, అక్కణ్నించి జీపు, పెదబయలు దాటాక నా కాళ్లు. కాఫీ తోటల పైన ఉన్న ఆ ఊళ్లో పిల్లుల సంగతి అడిగితే అందరూ ఒక తాతని చూపించారు. పిల్లి ఎత్తుకుపోయిన కోళ్లలో ఎక్కువ భాగం ఆయనవేనట. తాత ఇంటిముందు చోళ్లు (అంటే రాగులే) ఎండబోస్తున్నాడు. నేను వచ్చిన పని చెప్పాను.

"పిల్లికి ఇల్లా? ఎవులు అడిగినారు గుంటా? పిల్లే వొచ్చి అడిగినాదేటి?"

"గవర్నమెంటు కడుతోంది తాతా."

తాత చేతులు దులుపుకున్నాడు. "సరే, కట్టండి. మరి స్థలం సూసినారా?"

ఆ ఊళ్లో ఎవరు ఇల్లు కట్టుకోవాలన్నా స్థలం చూసేది ఈ తాతే. సాయంత్రం నేల అలికి, మూడు బియ్యపు గింజలు ఒకదానికొకటి తగిలేలా పెట్టి, పైన ఆకుదొప్ప బోర్లిస్తాడు. తెల్లారాక గింజలు అలాగే ఉంటే నేల ఒప్పుకున్నట్టు. కదిలినా, కనబడకుండా పోయినా ఆ చోటు వదిలెయ్యాలి. నేను నవ్వు ఆపుకుని నోటుబుక్కులో రాసుకున్నాను. తిరిగొచ్చాక సారుకి జోకులా చెప్పాను. సారు నవ్వలేదు. వాస్తు కోసం తన ఇంట్లో వంటగదిని మూడుసార్లు పడగొట్టించిన మనిషని నాకప్పటికి తెలీదు. "ఆ పెద్దాయన్ని బేగి తీసుకురా" అన్నారు. జీపిచ్చి మరీ పంపారు.

మొదట సారు అనుకున్న స్థలం, ఏనుగుల పక్కన. సాయంత్రం తాత అక్కడ గింజలు పెట్టి దొప్ప బోర్లించాడు. పొద్దున్నే వెళ్లేసరికి మా జూలో ఇష్టం వచ్చినట్టు తిరిగే నెమలి ఒకటి దొప్పని కాలితో తిరగేసి, మా కళ్లముందే మూడో గింజ మింగింది.

"నేల ఒద్దన్నాది" అన్నాడు తాత.

"తిన్నది నెమలి కదా తాతా!"

"మరి నెమలిని ఎవులు పంపినారు?"

నా డిప్లొమా సిలబస్‌లో నెమళ్లు లేవు. రెండో స్థలం జింకల వెనక. అక్కడ ఊడ్చే అక్క మాకంటే ముందే వచ్చి దొప్పనీ గింజల్నీ కలిపి చెత్తబండిలో పడేసింది. అదేమిటంటే, "ఆకులెత్తడానికే కదా నన్ను ఎట్టినారు!" అని నామీదే ఎగిరింది. నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులే ఉంది. నాకు అన్నం సయించడం మానేసింది.

ఇక లాభం లేదని తాత తనే స్థలం వెతకడానికి బయల్దేరాడు. చెప్పులు విప్పి జూ అంతా నడిచాడు. నడిచి నడిచి, ఆఫీసు గుమ్మం మెట్లెక్కి, సారు గదిలోకి వెళ్లి, ఆయన టేబుల్ కింద మడమతో నేల నొక్కి చూశాడు.

"ఇక్కడ."

"ఇది నా గదండీ" అన్నారు సారు.

"మంచి గది బాబూ. ఎనకాల రాళ్లు, చెట్ల నీడ. పిల్లికి బాగుంటాది."

ఆ సాయంత్రం తాత టైల్స్ తడిబట్టతో తుడిచి గింజలు పెట్టాడు. సారు స్వయంగా తాళం వేశారు.

మర్నాడు ఆఫీసు తెరిచే వంతు నాది. టేబుల్ కిందికి దూరి దొప్ప ఎత్తి చూశాను. ఒక్క గింజ లేదు! జెరాక్స్ షాపు స్టూలు కళ్లముందు కనబడింది. తర్వాత చేసిన పని రాయడానికి ఇప్పటికీ సిగ్గే. క్యాంటీన్‌కి పరిగెత్తి మూడు గింజలు తెచ్చి, ఒకదానికొకటి తగిలించి పెట్టి, దొప్ప బోర్లించి, అప్పుడే పూజ ముగించుకున్నదానిలా మొహం పెట్టి నిలబడ్డాను.

కాసేపటికి ఇద్దరూ వచ్చారు. తాత దొప్ప ఎత్తి గింజల్ని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "నేల ఒప్పుకున్నాది" అన్నాడు. సారు మొహం పాలిపోయింది. కుర్చీ పట్టుకుని నిలబడ్డారు, తర్వాత తనే సొరుగులు ఖాళీ చెయ్యడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికల్లా ఆయన టేబులూ బీరువా టికెట్ కౌంటర్లోకి చేరాయి. ఎంత త్యాగం అనుకున్నాను. ప్లాను పైఆఫీసుకి వెళ్లింది, నా కాంట్రాక్టు పొడిగించారు. సారు పేరు బోర్డు ఉన్న మేకుకే చిరుతపిల్లి బొమ్మ తగిలించారు.

తాతని ఊళ్లో దింపడానికి నేనే వెళ్లాను. కొండ ఎక్కుతూ మధ్యలో ఆగి అన్నాడు: "నాను ఎట్టినవి కొండ బియ్యం గుంటా. ఎర్రగుంటాయి. అక్కడున్నవి తెల్లవి."

"మరి నేల ఒప్పుకుందని ఎందుకు చెప్పావు తాతా?"

"ఇల్లు పిల్లి అడగనేదు. నీకే కావాల. మూడు దినాలు నీ మొకం సూసినాను కదేటి. మనిసి ఇంటికైతే అబద్దం సెప్పను. పిల్లికి నచ్చకపోతే బయటికి రాదు, అంతే."

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. నాకంటే తక్కువ తెలుసనుకున్న మనిషి, తన జన్మలో చెప్పని అబద్ధం నాకోసం చెప్పాడు. ఏడుపు అయ్యేదాకా పక్కనే కూర్చుని, ఇంటికి తీసుకెళ్లి చోళ్ల అంబలి పోశాడు.

మొన్నీమధ్య టేపు సారు రిటైరయ్యారు. దండలూ ఉపన్యాసాలూ అయ్యాక నన్ను పక్కకి పిలిచారు. "ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదమ్మా. ఆ సాయంత్రం కళ్లజోడు మర్చిపోయానని మళ్లీ గదిలోకి వెళ్లి, ఆ గింజలు నేనే తీసి కిటికీలోంచి పారేశాను. నా గది పోతుందని. పొద్దున్నకి మూడూ మళ్లీ అక్కడే ఉన్నాయి! నేల చూస్తూనే ఉంటుందని ఆరోజే అర్థమైంది. ఆ తర్వాత నా సర్వీసులో ఒక్క తప్పుడు పని చెయ్యలేదు" అని, రోమాలు నిక్కబొడుచుకున్న చెయ్యి చూపించారు.

ఆ గింజల రంగు గుర్తుందా సార్ అని అడగబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాను. "నేల గొప్పది సార్" అన్నాను, చేతులు జోడించి. ఇంటికొచ్చే దారంతా నవ్వుకుంటూనే ఉన్నాను. స్టూలుకి భయపడి, గుప్పిట్లో క్యాంటీన్ బియ్యంతో, వెనక ఎవరొస్తున్నారో చూసుకుంటూ పరిగెత్తిన ఆ పిల్లకి ఏం తెలుసు, తను చేసిన ఆ దొంగపనికి ఒక పెద్దమనిషి రిటైరయ్యేదాకా నిజాయితీగా బతుకుతాడని!