ఎర్లీన్ హోటల్లో ఎత్తు స్టూలు

లోనీ ప్రుయిట్ గురించి చెప్పాలంటే ముందు ఆ స్టూలు గురించి చెప్పాలి, లేకపోతే కథ నిలబడదు.

ఎర్లీన్ హోటల్లో గల్లాపెట్టె పక్కన ఎర్ర రెగ్జిన్ స్టూలు ఒకటుంది. బాగా ఎత్తు. మా హైస్కూలు ఫుట్‌బాల్ జట్టులో బంతి చంకన పెట్టుకుని, మీద పడేవాళ్ళని తోసుకుంటూ పరిగెత్తేవాణ్ణి రన్నర్ అంటాం. ఆడిన మొదటి సీజన్లోనే అందరికంటే ఎక్కువ గజాలు పరిగెత్తిన రన్నర్‌ది ఆ స్టూలు. ఇంకొకడు దాటేదాకా వాడు దాని మీద కూర్చుని గుడ్లూ బేకనూ ఊరికే తినొచ్చు. లోనీ పదహారో ఏట ఎక్కాడు. తర్వాత జుట్టు పోయింది, పొట్ట వచ్చింది, పెళ్ళాం టైర్ల వ్యాపారితో డాలస్ వెళ్ళిపోయింది, వీడు ఇక్కడ ఇంకొకరి కొట్లో టైర్లు బిగిస్తూ ఉండిపోయాడు. స్టూలు మాత్రం పోలేదు. నా క్లాసులో మూడేళ్ళూ నిద్రపోయాడు, అది వేరే సంగతి.

పొద్దున్నే కాఫీ దగ్గర మా వాళ్ళకి ఒకటే పని, రన్నర్లని పక్కపక్కన నిలబెట్టి తూచడం. దాణా కొట్టు హోయ్ట్ పెద్ద తూనికదారు.

"వేడ్ గాడు సెప్టెంబర్లో పులి, నవంబర్లో పిల్లి. డస్టీకి కాళ్ళున్నాయి, గుండె లేదు. లోనీకి మెదడు లేదు కాబట్టి భయమూ లేదు, అందుకే గెలిచాడు."

లోనీని దాటలేకపోయిన వేడూ డస్టీ అక్కడే మూల బల్ల దగ్గర తింటూ ఉండేవాళ్ళు. లోనీ స్టూలు మీద గిర్రున తిరిగేవాడు.

"వేడూ, నీ బిల్లు వచ్చినట్టుంది చూసుకోరా. ఆ కాగితం ఎలా ఉంటుందో నేనైతే మర్చేపోయాను."

అందరికంటే గట్టిగా వేడే నవ్వేవాడు. ప్లేట్లో సగం వదిలేసి పోయేవాడు.

అలాంటప్పుడు జెరెల్ టిబ్స్ వచ్చాడు. పత్తి మిల్లు వెనక వీధి పిల్లాడు, మాట తక్కువ. వాడి మొదటి సీజన్ ఆఖరి మ్యాచ్ వచ్చేసరికి లోనీని దాటడానికి ఒక మంచి పరుగు చాలు. మా ఊళ్ళో ఇంకో ఆనవాయితీ ఉంది. మ్యాచ్‌కి ముందు కొత్త రన్నర్ చీలమండలకి పట్టీ చుట్టేది స్టూలు మీదివాడే. ఎవడు పెట్టాడో గానీ, దొంగ చేతికే తాళం ఇచ్చినట్టుంటుంది.

ఆ శుక్రవారం లోనీ పట్టీ చుడుతూ చీలమండ పైన నొక్కాడు. జెరెల్ బెంచీ అంచు పట్టుకున్నాడు. ఎముక మీద చర్మం కాలిపోతోంది.

"కోచ్, వీడి ఎముక బీట ఇచ్చింది. దింపకండి."

కోచ్ తలెత్తలేదు. తలుపు దగ్గర హోయ్ట్ నవ్వాడు. "సరిగ్గా ఇవాళే బీటిచ్చిందా లోనీ? గుడ్లు చల్లారిపోతాయని దిగులా?"

"స్టూలు తగలెయ్యండి. కాలు చూడండి."

"మీ స్టూలు కోసం నా కాలు విరిగిందంటారా సార్?" అన్నాడు జెరెల్. "గట్టిగా చుట్టండి చాలు."

లోనీ చుట్టాడు.

రెండో సగంలో బంతి అందుకుని జెరెల్ ఎడమవైపు దూసుకుపోయాడు, ఇద్దరు వాడి మీద పడ్డారు. ఎముక విరిగిన చప్పుడు మూడో వరసలో ఉన్న నాక్కూడా వినపడింది. కోచ్ మైదానంలోకి పరిగెత్తుతుంటే, హోయ్ట్ కంచె మీంచి వంగి అడుగుతున్నాడు, "దాటాడా? ముందు అది చెప్పండి, దాటాడా?"

దాటాడు.

కాలికి సిమెంటు కట్టుతో, చంకకర్రలతో జెరెల్ హోటల్‌కి వచ్చిన రోజు బల్లలన్నీ నిండాయి. లోనీ లేచి రెగ్జిన్‌ని చొక్కా చేత్తో తుడిచాడు. ఆ కాలుతో పిల్లాడు ఎక్కలేకపోయాడు.

"ఇక్కడే నిలబడి తింటానమ్మా."

"రూలంటే రూలు బాబూ," అంది ఎర్లీన్. "ఊరికే తినేది స్టూలు మీదే."

లోనీ వాణ్ణి చంకల కింద పట్టుకుని ఎత్తి కూర్చోబెట్టాడు. నొప్పికి జెరెల్ ముఖం బూడిదలా అయింది. లోనీ మూల బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. లోనీ తిన్నాక వేడ్ బిల్లు తెచ్చి, లోనీ కాఫీ కప్పు కింద పెట్టాడు.

"ఇదేనన్నా ఆ కాగితం. గుర్తొచ్చిందా?"

హోటలంతా నవ్వింది. నవ్వు ఆగకముందే హోయ్ట్ మొదలెట్టాడు.

"ఎనిమిదో క్లాసులో ఒకడున్నాడు చూశారా? జెరెల్ కంటే చురుకు. పైగా రెండు కాళ్ళూ ఉన్నాయి."

జెరెల్ ఫోర్కు ఆపాడు. "వాడికి పట్టీ నేనేనా చుట్టేది?"

"మరి? ఆనవాయితీ కదా."

వాడు తలూపి గుడ్డు తిన్నాడు. తినడమైతే అయింది గానీ, దిగడానికి మాత్రం లోనీ బిల్లు కట్టి వచ్చేదాకా అక్కడే కూర్చోవాల్సి వచ్చింది.