మూడు మెట్లు

రాజమండ్రిలో మా రన్నింగ్ క్లబ్బుతో మొదటి హాఫ్ మారథాన్ పరిగెత్తి, అందరికంటే చివర వచ్చాను. అప్పటికి మావాళ్ల టిఫిన్లు కూడా అయిపోయాయి. ఇక క్లబ్బు మానేద్దామని తీర్మానించుకుని, మెడల్ జేబులో కుక్కి కాకినాడ బస్సెక్కాను.

ఖాళీ చేపల బుట్టతో పక్కన కూర్చున్న పెద్దావిడ నా కుంటినడక సంగతి అడిగింది. చెప్పాను.

"మధ్యలో ఆటో ఎక్కాలనిపించలేదా బాబూ?"

"అనిపించిందండి. ఎక్కలేదు."

"మరింకేం!"

నా స్టాపు వచ్చింది, కాళ్లు రాలేదు. కండక్టర్ "రైట్" అనబోతుంటే ఆవిడ అరిచింది.

"ఆపండయ్యా! ఇరవయ్యొక్క కిలోమీటర్లు పరిగెత్తినాయన దిగుతున్నారు!"

బస్సంతా తిరిగి చూసింది. ఉన్న మూడు మెట్లనూ వీలైనంత తీరిగ్గా దిగాను.

ఇప్పటికీ ప్రతి ఆదివారం క్లబ్బులో అందరికంటే వెనక నేనే పరిగెడుతున్నాను.