ఎవా కప్ప వేషం

అమృతం కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో ఎవరూ లేరు. నర్సు ఉద్యోగం, ఆస్పత్రిలో పొద్దస్తమానం కాళ్ళరిగేలా తిరుగుతుంది, ఇంటికొచ్చి మళ్ళీ తిరుగుతుంది. పొయ్యి దగ్గర నిలబడే తింటుంది. "నీ కాళ్ళకి చక్రాలున్నాయే" అని మొగుడు జార్జి నవ్వుతాడు. ఆయనకేం, నవ్వుతాడు! కూతురు బయట నోరు విప్పదన్న దిగులు ఈవిడ ఒక్కర్తినే పీక్కుతింటోంది మరి.

ఎవాకి అయిదో ఏడు. ఇంట్లో వాగుడుకాయ, గడప దాటితే మూగనోము. ప్రీస్కూల్లో ఏడాదంతా ఒక్క మాట మాట్లాడలేదు. జనవరి నెలాఖరుకి పెద్దబడి తెరుస్తారు. అప్పటికీ ఇలాగే ఉంటే ఇంకో ఏడు ప్రీస్కూల్లోనే ఉంచుదామని టీచరమ్మ మెత్తగానే చెప్పింది. మెత్తగా చెబితే మాత్రం గుచ్చుకోదా?

అందుకే ఆ 1990 సెలవుల్లో లలితకుమారి చర్చి హాల్లో పిల్లల క్యాంపు పెట్టగానే అమృతం అందరికంటే ముందు ఎవా పేరు ఇచ్చేసింది. లలితకుమారి డాక్టరుగారి భార్య, విజయవాడలో కాలేజీ నాటకాలు ఆడిన మనిషి. పొద్దున అక్షరాలూ, గవ్వలతో లెక్కలూ. తర్వాత రంగులు. మధ్యాహ్నం నాటకం. ఆఖరి రోజున తల్లిదండ్రుల ముందు ప్రదర్శన. అందులో ఎవాది కప్ప వేషం. చెప్పాల్సింది ఒక్కటే మాట: "రెయిన్ ఈజ్ కమింగ్! ఎవ్రీబడీ ఇన్‌సైడ్!"

ఇక చూడండి అమృతం హడావిడి! నరసాపురం సండేస్కూల్లో తను నేర్చిన పద్ధతే మొదలెట్టింది. అక్కడ పిల్లలు కంఠత వాక్యం అప్పజెబుతుంటే తల్లులు మొదటి వరసలో కూర్చుని పెదాలు కదుపుతారు. పిల్లలు ఆ పెదాలు చూసి గట్టెక్కేస్తారు. కారులో, స్నానాల గదిలో, అన్నం ముద్ద పెడుతూ, ఈవిడ పెదాలు కదపడం, ఎవా గడగడా చెప్పడం. ఇంకేం, పని అయిపోయిందనుకుంది. రిహార్సల్‌కి షిఫ్టు మార్చుకుని మరీ వెళ్ళి ఎదురుగా నిలబడి పెదాలు కదిపింది. ఎవా వాటికేసే చూస్తూ కొయ్యబొమ్మలా నిలబడిపోయింది.

లలితకుమారి పక్కకి పిలిచింది. "అమృతంగారూ, ఏమీ అనుకోకండి. పిల్ల మీ నోరు చూస్తూ తన నోటి సంగతి మర్చిపోతోంది. షో రోజున మీరు బయట ఉండండి."

"నేను లేకపోతే బిక్కచచ్చిపోతుందండీ!"

"మీరుంటే మాత్రం ఏం మాట్లాడుతోందండీ?"

అమృతానికి ఒళ్ళు మండింది. అయినా సంచీ భుజాన వేసుకుని హాలు బయటికి నడిచింది.

ప్రదర్శన నాడు జార్జి లోపల కూర్చున్నాడు. అమృతం వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకి ఒకటే పచార్లు. మబ్బు కమ్మి ఉక్క, ఒంటికి అతుక్కుపోయిన చీర. తలుపు దాకా వెళుతుంది, వెనక్కొస్తుంది, మళ్ళీ వెళుతుంది. సరిగ్గా కప్ప వంతు వచ్చే వేళకి వాన అందుకుంది. రేకుల కప్పు మీద దబదబా ఒకటే మోత. లోపలి మాట ఒక్కటి వినపడితే ఒట్టు! తలుపుకి చెవి ఆనించినా వానే.

"ప్రభువా, ఇప్పుడేనా!" అని ఆకాశాన్ని కసిరింది.

కాసేపటికి తలుపు తెరుచుకుని జార్జి వచ్చాడు.

"చెప్పిందా?"

"నోరైతే కదిలిందే. మాట వచ్చిందో లేదో, ఈ మోతలో ఏం తెలుస్తుంది?"

అమృతం ప్రాణం ఉసూరుమంది. ఇంత ఆరాటపడీ ఏమీ తేలలేదు.

ఆయన వెనకే లలితకుమారి కూతురు అమూల్య, మొసలి వేషంలో తోక ఈడ్చుకుంటూ, చెవి మూసుకుని వచ్చింది. "ఆంటీ, ఎవా షౌటెడ్ ఇన్ మై ఇయర్! ఇట్ హర్ట్స్!"

"అరిచిందా? ఏ చెవిలోనే నా తల్లీ!" అమృతం ఆ పిల్లని వాటేసుకుని ఆ చెవినే ముద్దు పెట్టుకుంది.

ఇంతలో మొహం నిండా ఆకుపచ్చ రంగుతో ఎవా పరిగెత్తుకొచ్చింది. "మమ్మీ, డిడ్ యూ హియర్ మీ?"

"వినలేదే బంగారం. ఇంకోసారి చెప్పవూ?"

అప్పటికి నాటకం అయిపోయి వరండా నిండా జనం. వాన కాస్త తెరిపిచ్చింది. ఎవా అలవాటు చొప్పున తలెత్తి తల్లి పెదాలకేసి చూసింది. అవి కదలబోతున్నాయి కూడాను. అమృతం చటుక్కున అరచేత్తో నోరు మూసేసుకుంది.

ఎవా ఆ చేతికేసి కాసేపు చూసింది. తర్వాత జనం వైపు తిరిగింది.

"రెయిన్ ఈజ్ కమింగ్! ఎవ్రీబడీ ఇన్‌సైడ్!"

ఆ కేకకి అందరూ నవ్వుతూ నిజంగానే లోపలికి నడిచారు. అమృతం మాత్రం నోటి మీద చెయ్యి తియ్యకుండా తడి బెంచీ మీద కూలబడింది. జార్జి రెండుసార్లు పిలిచినా లేవలేదు.