పిచ్చెక్కిన బాణం

ఆ రేవులో మిషనక్క చెయ్యి పడని పడవ లేదు. ఆమెను ఎక్కించుకుని రేవు దాటిన పడవ కూడా లేదు. పడవ జానెడు ఊగితే చాలు, ఆమెకు కడుపులో దేవేస్తుంది. తాడు కట్టి ఉన్నంతసేపే ఆమె ధైర్యమంతా.

నాన్న కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఆయన తర్వాత కొట్టూ, ఆ పేరూ ఆమెకే వచ్చాయి. మిషన్ల నుంచి రేడియోలకు, రేడియోల నుంచి పడవల కంప్యూటర్లకు ఎగబాకింది. ఏది చెడినా ఆమె అడిగేది ఒకటే: "చెడకముందు ఏమేం చేశారో వరసగా చెప్పండి." "నువ్వు మెకానిక్కువా, పోలీసువా?" అని జనం విసుక్కునేవారు. విసుక్కుంటూనే చెప్పేవారు, చెప్పకపోతే ఆమె స్క్రూడ్రైవరు ముట్టదు మరి!

ఆ రోజు పొద్దున్నే, పడవ నడిపే అన్నయ్య రొప్పుతూ కొట్లోకొచ్చిపడ్డాడు.

"చెల్లీ, కొంప మునిగింది!"

"కొంపా, పడవా?"

"ఇది మునిగితే అదీ మునిగినట్టే. పదింటికి ఆఫీసరొస్తాడు. కంప్యూటర్ మ్యాపులో పడవ కనిపించకపోతే దీవికి జనాన్ని తిప్పే అనుమతి ఇంకొకడికి పోతుంది. నిన్న సాయంత్రం చక్కగా పనిచేసింది. ఇవాళ దయ్యం పట్టింది!"

రేవులో కట్టేసిన పడవలోకి వెళ్లి చూస్తే, నిజంగా పట్టినట్టే ఉంది. తెర మీద బాణం గుర్తు ఎవరూ ముట్టుకోకుండానే గంతులేస్తోంది. తనే తెర మీది విండోలు తెరుస్తోంది, తనే మూస్తోంది. మ్యాపులో పడవ జాడే లేదు. మిషనక్క జీపీయస్ పెట్టె వైరు మార్చింది, కంప్యూటరు ఆపి మళ్లీ వేసింది. బాణం ఇంకాస్త రెచ్చిపోయింది. తొమ్మిదిన్నరయింది.

"ఏం చేశావన్నయ్యా?"

"నేనేం చెయ్యలేదే తల్లీ!"

"నిన్న ఎలా మొదలెట్టావో అలాగే చేసి చూపించు. నోటితో కాదు, చేత్తో."

గొణుక్కుంటూ అన్నీ ఆపేశాడు. వైరు పీకాడు. కంప్యూటరు వేశాడు. తెర పూర్తిగా వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు వైరు గుచ్చాడు. బాణం బుద్ధిగా కూర్చుంది. మ్యాపులో, సరిగ్గా రేవు దగ్గర, ఎర్రచుక్క వెలిగింది!

"ఇవాళ తొందరలో ముందే గుచ్చేశాను," అన్నాడు నెమ్మదిగా.

మిషనక్క ఎగిరి గంతేసింది. జీపీయస్ పెట్టె నోరు మూసుకునే రకం కాదు. తానెక్కడున్నదీ సెకనుకోసారి అంకెల్లో వాగుతూనే ఉంటుంది. కంప్యూటరు లేస్తూనే ఆ వాగుడు విని, ఇదేదో మౌసు కాబోలనుకుంది. అంకెలన్నీ చేతి కదలికలుగా తీసుకుని బాణాన్ని పరుగులు పెట్టించింది. అంతే, దయ్యమూ లేదు, గియ్యమూ లేదు! ఆమె కంప్యూటరును ఇంకోసారి తప్పు వరసలోనే లేపి, సెట్టింగుల్లో ఆ లేని మౌసును వెతికి పట్టుకుని, శాశ్వతంగా నిద్రపుచ్చింది. ఇక ఏ వరసలో పెట్టినా ఫరవాలేదు.

ఆఫీసరు చెప్పిన టైముకే వచ్చాడు. చుక్కను చూసి పెదవి విరిచాడు.

"నిలబడ్డ చుక్కను నమ్మి జనాన్ని ఎక్కించనా? పడవతోపాటు ఇదీ కదలాలి. తాళ్లు విప్పండి."

మిషనక్క సంచీ చంకనేసుకుని ఒడ్డుకి బయల్దేరింది. అన్నయ్య చెయ్యి పట్టుకున్నాడు. జన్మలో ఎవరినీ బతిమాలని మనిషి. "మధ్యలో దానికి మళ్లీ పిచ్చెక్కితే నా వల్లకాదే. ఉండవూ?"

ఆమె తెర ముందు కూలబడి, బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఇంజను గుర్రుమంది. చుక్క కదిలింది! రేవు గోడ దాటింది, దీపస్తంభం దాటింది. "అదిగో, అదిగో, మనమే!" అని ఆమె అరుస్తూనే ఉంది. అంత సంతోషం ఆమెకు ఎప్పుడూ కలగలేదు. ఆఫీసరు కూడా నవ్వేసి కాగితం మీద సంతకం పెట్టాడు.

"చాల్లెండి, వెనక్కి తిప్పండి," అన్నాడు.

"అప్పుడేనా సార్? దీవి దాకా వెళ్లి చూడొద్దూ?" అంది మిషనక్క.

అన్నయ్య తెల్లబోయాడు. "కడుపులో ఎలా ఉందే?"

అప్పుడు గుర్తొచ్చిందామెకు. ఒక్క పరుగున అంచుకు వెళ్లి, పొద్దుటి నుంచి తిన్నదంతా కక్కేసింది. కొంగుతో మూతి తుడుచుకుని వచ్చి, మళ్లీ తెర ముందు కూర్చుంది.

"జరుగన్నయ్యా, అడ్డం. ఎక్కడిదాకా వచ్చాం?"