నా వేలి చుక్క నిజమే చెప్పింది

ఈ ఉదయం మనల్నందరినీ ఒకచోట చేర్చిన ప్రభువుకు స్తోత్రం చెప్పి మొదలుపెడతాను, సహోదరులారా, సహోదరీలారా. నాకు మైకు ముందు నిలబడటం రాదు. అసలు ఒకచోట నిలబడటమే రాదని మా అమ్మ చిన్నప్పటినుంచీ అనేది, కాకినాడలో మా వీధివాళ్ళకు నేను కాలు కాలిన పిల్లిని. కాని ఈ ఢిల్లీకి వచ్చిన కొత్తలో, మునిర్కాలో అద్దె గదిలో ఉన్నప్పుడు నన్ను పట్టిన అశాంతి అలాంటిది కాదు, అది కూర్చోనివ్వదు, తిననివ్వదు, ప్రార్థనకు మోకరిస్తే మధ్యలోనే లేపి గదిలో అటూ ఇటూ తిప్పుతుంది.

అంతకుముందు ఏడాది నా మొదటి బిడ్డ నెలలు నిండాక కడుపులోనే చనిపోయాడు. ఎంతో బొద్దుగా ఉన్నాడు, చూసినవాళ్ళు ఇంత ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి ఏమైందమ్మా అన్నారు. నా భర్త దానియేలు గారిది సైన్యంలో ఉద్యోగం, బదిలీల వల్ల ఊరూరా ఆసుపత్రి మారింది, ఏ డాక్టరూ మొదటినుంచి చివరిదాకా నన్ను చూడలేదు, కారణం ఎవరూ చెప్పలేకపోయారు. తర్వాత ఆయనకు కొండల్లో పోస్టింగ్ వచ్చింది, కుటుంబాన్ని తీసుకువెళ్ళే వీలు లేదు. నేను బయోమెడికల్ ఇంజనీరింగ్ చదివినదాన్ని కాబట్టి ఇక్కడ ఒక పరిశోధనశాలలో చేరాను, పనిలో పడితే మరిచిపోతానని.

ఆ పని ఏమిటో రెండు మాటల్లో చెబుతాను, భయపడకండి. రక్తంలో చక్కెర ఎంత ఉందో ఒక్క చుక్కతో చెప్పే పరికరం తయారు చెయ్యాలి, దాన్నే బయోసెన్సర్ అంటారు. సన్నని తీగ కొసన ఒక ఎంజైము పూస్తాం, అది చక్కెరను పట్టుకున్నప్పుడు చిటికెడు కరెంటు పుడుతుంది, చక్కెర ఎంత ఎక్కువైతే మీటరు ముల్లు అంత పైకి లేస్తుంది. అప్పట్లో ఇలాంటివి విదేశాల నుంచే వచ్చేవి, మనవాళ్ళకు అందేలా ఇక్కడే చెయ్యాలని మా ఆశ.

చక్కెర నీళ్ళలో ముంచితే నా పరికరం ముత్యంలా పనిచేసేది. రక్తం చుక్క వేస్తే చాలు, ముల్లు ఎగిరిపోయేది! ఎవరి రక్తం అంటారేమో, నాదే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంతో ముందు సరిచూసుకుని, లెక్క కుదిరాకే ఆసుపత్రికి పంపాలని మా దగ్గర పద్ధతి. ఇంకొకరి వేలు ఎందుకు గుచ్చాలి, నేను వయసులో ఉన్నాను, సన్నగా ఉన్నాను, నాకేం రోగం అని రోజూ పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చి నా వేలే గుచ్చుకునేదాన్ని. ముల్లు పైకి లేస్తే ఆ తీగను, అంటే ఎలక్ట్రోడ్‌ను, తిట్టుకునేదాన్ని.

మా విద్యలో దీనికొక పేరున్న శత్రువు ఉంది. రక్తంలో చక్కెర ఒక్కటే ఉండదు కదా, విటమిన్ సి లాంటివి కూడా కరెంటు పుట్టించి ముల్లును మోసం చేస్తాయి. అదే అనుకుని వాటిని అడ్డుకోవడానికి తీగ మీద పొర వేశాను, పొర మీద పొర వేశాను. అంతటితో ఆగానా, నా రక్తంలోనే విటమిన్ సి తగ్గిద్దామని నిమ్మకాయ మానేశాను, జామకాయ మానేశాను. ఆ వేసవిలో దాహం చంపేస్తుంటే అందరూ శికంజీ, అంటే ఇక్కడి నిమ్మకాయ షర్బత్, తాగుతారు, నేను మాత్రం నిమ్మరసం వద్దని గులాబీ షర్బత్ చెంబుల కొద్దీ తాగాను. నవ్వండి, ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది.

ఈ గొడవలో ఉండగానే, ఆయన సెలవు మీద వచ్చి వెళ్ళాక, మళ్ళీ గర్భం వచ్చిందని తెలిసింది. సంతోషించాలి కదా, నాకు భయమేసింది. ఆసుపత్రికి బస్సెక్కి గేటు దాకా వెళ్ళి, ఆ ఫినాయిల్ వాసన తగలగానే వెనక్కి తిరిగి ఇంకో బస్సెక్కేదాన్ని. ఎస్టీడీ బూత్‌లో ఆయన గొంతు వినగానే డాక్టరుకు చూపించుకున్నానని చెప్పేసేదాన్ని. ఒళ్ళు తగ్గిపోతోంది, నోరు ఎండిపోతోంది, కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే కూర్చోవాలనిపిస్తుంది, ఇదంతా ఢిల్లీ లూ వడగాలి వల్లే, వేవిళ్ళ వల్లే అనుకున్నాను.

మా విభాగం పెద్ద కపూర్ సార్ ఒక శుక్రవారం పిలిచి, సోమవారం తానే వచ్చి చూస్తాననీ, అప్పటికీ రక్తంతో లెక్క కుదరకపోతే ఈ పని ఆపేసి వేరే పని అప్పగిస్తాననీ చెప్పారు. ఆ మరుసటి రోజు ఘాజియాబాద్‌లో మరియమ్మ ఆంటీ ఇంట్లో ఉపవాస ప్రార్థన. ఆవిడ తెనాలి మనిషి, ఆసుపత్రిలో నర్సు, మన సంఘంలో ఆవిడ చేతి అన్నం తిననివాళ్ళు లేరు. ఆ రోజు అందరూ పాడుతుంటే నేను ద్వారం దగ్గరే తచ్చాడుతున్నాను. ఆవిడ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది, మళ్ళీ లేవకుండా నా చీర కొంగు తన మోకాలి కింద పెట్టుకుంది. ఎన్నో నెలల తర్వాత అప్పుడు నోరు విప్పి ప్రార్థించాను:

“ప్రభువా, నా పనిలో తప్పెక్కడుందో నాకు కనబడటం లేదు. నా చెయ్యే నీకు అడ్డమైతే నా చెయ్యి పక్కకు తీసెయ్యి. ఈ బిడ్డను మాత్రం తీసుకోకు.”

సోమవారం లేచేసరికి ఏమైందో తెలుసా? గుచ్చి గుచ్చి మానని వేళ్ళు చీము పట్టి వాచిపోయాయి, చెయ్యి ముడవలేను, సూది తాకనివ్వలేను. ఇదేనా నువ్విచ్చిన జవాబు అని దేవుడి మీద కోపగించుకుంటూనే బస్సెక్కాను. కపూర్ సార్ వచ్చి కూర్చున్నారు. ఈ రోజు రక్తం తీయడానికి నా చెయ్యి పనికిరాదని చెప్పాను. ఆయన విసుగ్గా చొక్కా చెయ్యి మడుచుకుని, “ఠీక్ హై, నాది తీసుకో” అని వేలు చాపారు.

ముల్లు లేచి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. నేను నమ్మలేదు. కొత్త ఎలక్ట్రోడ్ పెట్టి ఆయన రెండో వేలు గుచ్చాను, మళ్ళీ అక్కడే ఆగింది. నేను సంతోషంతో నవ్వేశాను. ఆయన మాత్రం నవ్వలేదు, మీటరు కేసి కాదు, నా ముఖం కేసి చూస్తున్నారు, నా బల్ల మీద ఎప్పుడూ ఉండే నీళ్ళ కూజా కేసి, నా వాచిన వేళ్ళ కేసి చూశారు.

“ఎస్తేర్, మెషీన్ బాగానే ఉంది,” అన్నారు. “నువ్వెలా ఉన్నావు?”

సహోదరులారా, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానని అంటారే, నేను కడుపులో పిల్లను పెట్టుకుని వెతికాను. చక్కెర జబ్బును కనిపెట్టే పరికరం చేస్తూ నా చక్కెర జబ్బు నేను కనిపెట్టలేదు. నా చుక్క ప్రతి పొద్దునా నిజమే చెప్పింది, నేనే దాని నోరు మూయడానికి పొర మీద పొర వేశాను.

మరియమ్మ ఆంటీయే నన్ను ఆసుపత్రి గేటు దాటించింది, ఆ రోజు కూడా నా కొంగు వదల్లేదు. ఇన్సులిన్ మొదలైంది. మొదటి బిడ్డ పోవడానికి కూడా ఇదే కారణం అయివుండవచ్చని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది, ఆ మాట విని నేను ఏడ్చిన ఏడుపు దేవునికే తెలుసు, ఇప్పటికీ కొన్నిసార్లు ఏడుస్తాను. కాని ఇంజెక్షన్ అలవాటయ్యేకొద్దీ దాహం తగ్గింది, వేళ్ళు మానాయి, ఒక ఆదివారం ఆరాధన మొదలైనప్పటినుంచి ముగిసేదాకా లేవకుండా కూర్చున్నానని ఇంటికెళ్ళాక గాని నాకు తెలియలేదు. దేవునికే మహిమ! నా జబ్బు పోలేదు, సూది ఇంకా పొడుచుకుంటూనే ఉన్నాను. పోయింది ఆ పారిపోవడం.

చలికాలంలో పాప పుట్టింది. పుట్టగానే గుక్క పట్టి ఏడ్చింది, ఆ ఏడుపు కోసం నేను ఎదురుచూసినంతగా దేని కోసమూ చూడలేదు. ఇప్పుడు ఒకటో తరగతి. అదిగో, మూడో వరుసలో కూర్చుని “మమ్మీ, బస్ కరో”, ఇక చాలించు అని సైగలు చేస్తోంది, నా కుదురులేనితనమంతా దానికే వచ్చింది.

ముగిస్తాను. మీలో ఎవరికైనా ఏదో తేడాగా ఉందని లోపల తెలుస్తూనే ఉండి, వెళ్ళి చూపించుకోవడానికి భయంగా ఉంటే, నిజం చెప్పిన దేవుడు ఆ నిజం ముందు మిమ్మల్ని ఒంటరిగా వదలడు, ఆయనను నమ్మండి. ప్రార్థన అయ్యాక వెనక గదిలో నేనూ మరియమ్మ ఆంటీ కూర్చుంటాం, మా పరికరం కూడా తెచ్చాను. మొదటి చుక్క నాదే ఇస్తాను. తర్వాత మీరు వేలు చాపండి. పారిపోదామనిపిస్తే ఆంటీ పక్కన కూర్చోండి, ఆవిడ కొంగు పట్టుకుంటే వదలదు.