డాక్టరమ్మ ఇచ్చిన రక్తం

దిల్‌సుఖ్‌నగర్‌లో మా చర్మం డాక్టరమ్మ పోయారని మంగళవారం పొద్దున వాళ్ల కాంపౌండర్ ఫోన్ చేసి చెప్పాడు. చైతన్యపురి కోచింగ్ సెంటర్లో బయాలజీ చెప్పడం నా పని. ఆ రోజు పాఠం చెప్పలేకపోయాను.

నా చేతుల మీద బొల్లి మచ్చలు మొదలయ్యాక బోర్డు మీద రాయడం మానేశాను. పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని, కూర్చునే పాఠం చెప్పేవాణ్ణి. ఆమె దగ్గరికి వెళ్తే గ్లౌజులు తీసేసి, నా రెండు చేతులూ పట్టుకున్నారు. "ఇది అంటుకునేది కాదు సార్. ముందుగాల మీకు గా భయం పోవాలె" అన్నారు. నల్గొండ పల్లె నుంచి వచ్చిన మనిషి. ఎంత చదివినా ఆ ఊరి యాస మారలేదు.

ఎక్సోసోముల సంగతి నాకు విప్పి చెప్పింది ఆమే. జీవకణాలు బయటికి వదిలే అతి చిన్న సంచులవి. మామూలు మైక్రోస్కోపుకు కూడా ఆనవు.

"ఒకప్పుడు కణం పారేసే చెత్త అనుకున్నరు సార్. ఇప్పుడేమో ఒక కణం ఇంకో కణానికి పంపే కబుర్లంటున్నరు. గాయమైనప్పుడు చర్మం మానుడు కూడా వాటితోనే నడుస్తదట."

ఏళ్ల తరబడి కణం బొమ్మ గీసినవాణ్ణి, ఆ సాయంత్రం నా చర్మాన్నే కొత్తగా చూసుకున్నాను.

తర్వాత ఎల్బీనగర్‌లో ఒక బ్యూటీ క్లినిక్ బోర్డు మీద ఎక్సోసోముల ఇంజెక్షన్ అని చూసి, అది నాకూ ఇమ్మని ఆమెను అడిగాను. ఆమె ఒప్పుకోలేదు.

"మందు వస్తదని నాక్కూడా ఆశే. కానీ ఇంకా పరీక్షలల్లనే ఉంది. తేలనిదాన్ని మీ ఒంట్లకు ఎట్ల ఎక్కిస్త?"

పూతమందు, లైటు చికిత్స ఓపిగ్గా సాగించారు. కుడి చేతికి మెల్లగా రంగు తిరిగొచ్చింది. ఎడమ చేతికి రాలేదు. అయినా చొక్కా చేతులు మడిచి మళ్లీ బోర్డు దగ్గర నిలబడ్డాను. ఆ ధైర్యం ఆమె పెట్టిందే.

నిరుడు ఆమె అరికాల్లో పుట్టిన నల్లమచ్చ చర్మ క్యాన్సరని తేలింది. అప్పటికే లోపలికి పాకింది. చివరిసారి నేను ఆమెను చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లేసరికి, పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి ఆమె రక్తం తీస్తోంది. క్యాన్సర్ కణాలు వదిలిన ఎక్సోసోములు రక్తంలోనూ తిరుగుతాయి. వాటిని పట్టుకోగలిగితే, కోత లేకుండానే జబ్బును ముందుగా గుర్తించవచ్చేమోనని వాళ్ల ఆశ.

"దీంతో మీకేమైనా మేలవుతుందా మేడమ్?" అని అడిగాను.

"నాకు కాదు సార్. ఎన్కనొచ్చేటోళ్లకు."

రక్తం నిండిన గొట్టాన్ని అడిగి తీసుకుని, కిటికీ వైపు ఎత్తి పట్టారు. "ఇన్నేండ్లు పైపైన చర్మమే చూసిన. లోపట గింత లోకం ఉన్నది" అన్నారు మెల్లగా.

ఆ అమ్మాయి గొట్టం కోసం చెయ్యి చాపి నిలబడే ఉంది. డాక్టరమ్మ ఎండకెదురుగా దాన్ని తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నారు.